కథకు ముగింపు వెదకిన డికెన్సు

ధారావాహిక నవలను చదువువారికి ఒక వారము గడచుట ఎంత కష్టమో మన పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ కష్టమును ఒక దేశమునకంతటికిని అలవాటు చేసిన రచయిత చార్లెస్ డికెన్సు.

ఆయన 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ పట్టణమున జన్మించెను. తండ్రి నౌకాదళపు జీతముల కచేరీలో గుమాస్తా. ఆదాయమునకు మించి వ్యయము చేయువాడు. 1824లో ఋణదాతలు అతనిని మార్షల్సీ చెరసాలలో పెట్టించిరి. బడిలో ఉండవలసిన పండ్రెండేండ్ల చార్లెసు బూట్ల పాలిషు చేయు కర్మాగారమున డబ్బాలకు చీటీలు అంటించుచు, వారమునకు ఆరేడు షిల్లింగులు సంపాదించెను. కొంతకాలమునకు తండ్రి ఆ పని మాన్పించినను, తల్లి మఱల పంపదలచెను. ఆ సంగతి ఆయన జీవితాంతము మఱువలేదు. ఆయన నవలలలోని దిక్కులేని పిల్లలందఱును ఆ కర్మాగారపు తలుపు తీసికొనియే వచ్చినట్లు మాకు తోచును.

అప్పట్లో పెద్ద నవల మూడు సంపుటములుగా 31½ షిల్లింగులకు అమ్మబడుచుండెను. 1836లో ఆరంభమైన పిక్విక్ కథ నెలకొక భాగముగా, భాగమొక షిల్లింగునకు వెలువడెను. ఇందు ఒక చిక్కు కలదు. మొదటి భాగములు జనుల చేతికి పోవునప్పటికి చివరి భాగములు ఇంకను వ్రాయబడియే యుండవు. అచ్చైన దానిని దిద్దుటకు వీలులేదు. పాఠకులా, ఊరకుండరు, ఉత్తరములు వ్రాయుదురు. 1840-41లో వచ్చిన ‘ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’ నవలలోని నెల్ అను బాలికను చంపవద్దని ఎందఱో వేడుకొనిరి. ఆయనయు దుఃఖించెను, 1837లో తన యింటనే మరణించిన పదునేడేండ్ల మఱదలు మేరీ జ్ఞప్తికి వచ్చుచుండెను. అయినను నెల్ మరణించినది.

ఇరువది యేండ్ల పిమ్మట మాత్రము ఆయన ఒక మిత్రుని మాటకు లొంగెను. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ 1860 డిసెంబరు మొదలు 1861 ఆగస్టు వఱకు వారము వారము వెలువడినది. కమ్మరి జో ఇంట పెరిగిన పిప్ అను బీదబాలుడు అజ్ఞాతదాత ధనముతో దొరవాడై, పెంచిన జోను చూచి సిగ్గుపడును. గర్విష్ఠయైన ఎస్టెల్లాను ప్రేమించును. తుదకు ఆ దాత మాగ్విచ్ అను నేరస్థుడని తెలియును. డికెన్సు మొదట వ్రాసిన ముగింపులో, ఎన్నో యేండ్లకు లండను వీధిలో ఎస్టెల్లా పిప్‌ను చూచును. ఆమె అప్పటికి మఱల వివాహమాడియున్నది. పిప్ వెంటనున్న జో కుమారుని అతని బిడ్డయే అనుకొనును. ఇద్దఱును కరస్పర్శ చేసికొని విడిపోవుదురు.

అచ్చుప్రతులను చదివిన నవలారచయిత బుల్వర్ లిట్టన్ దీనిని మార్చుమని పట్టుపట్టెను. డికెన్సు మార్చెను. క్రొత్త ముగింపులో వారు తాము మొదట కలిసికొన్న ఇంటి పాడుపడిన తోటలో, సాయంకాలపు పొగమంచు తొలగుచుండగా కలిసికొని, చేయి చేయి పట్టుకొని వెడలుదురు. పెండ్లి జరిగెనా లేదా అన్నది చెప్పలేదు. తొలి ముగింపును జీవితచరిత్రకారుడు ఫార్‌స్టరు 1874లో బయటపెట్టి, అదియే కథకు తగినదనెను. నాటినుండి వాదము సాగుచునే యున్నది.

మేము ఏ పక్షమును చేరలేదు. ఈ కథ మొదటినుండి అడిగిన ప్రశ్న ఎస్టెల్లాను గూర్చినది కాదు. జోను చూచి సిగ్గుపడిన పిల్లవాడు ఎన్నటికైన మనుష్యుడగునా అన్నదే ప్రశ్న. మరణశయ్యపైనున్న మాగ్విచ్ చేతిని పిప్ విడువక పట్టుకొన్నప్పుడును, జోను క్షమాపణ వేడినప్పుడును దానికి సమాధానము వచ్చినది. కావుననే రెండు ముగింపులలో దేనిని చదివినను పుస్తకము మూయగలుగుచున్నాము.

ఆయన చివరి నవలకు ఆ భాగ్యము లేదు. ‘ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్’ 12 భాగములుగా సంకల్పింపబడినది. 1870 జూన్ 8వ తేదీన పగలంతయు దానినే వ్రాసి, రాత్రి భోజనవేళ కుప్పకూలి, మఱునాడు కన్నుమూసెను. వయస్సు 58. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధిచేసిరి. మిగిలినవి 6 భాగములే. డ్రూడు చనిపోయెనా, చంపినవాడెవడు, ఎవరికిని తెలియలేదు. 1914లో లండనులో అనుమానితుడైన జాస్పర్‌పై ఒక ఉత్తుత్తి విచారణయే జరిపిరి. న్యాయమూర్తి చెస్టర్టన్, జూరీ పెద్ద బెర్నార్డ్ షా. సాక్ష్యము చాలినంత లేకపోయినను జూరీ ఏదో ఒక రాజీ తీర్పు చెప్పివేసెను. న్యాయమూర్తి మాత్రము తాను తప్ప అక్కడివారందఱును కోర్టు ధిక్కారమునకు పాల్పడిరని ప్రకటించి సభ ముగించెను.