తుమ్ముల వెనక ఆరు వేల ఏళ్ల కథ

మే నెలాఖరు వచ్చిందంటే మా ఇంట్లో టిష్యూ డబ్బాలు నిలవవు. ఇండియాలో ఉన్నన్నాళ్లూ నాకు అలర్జీ అంటే ఏమిటో తెలియదు. కేంబ్రిడ్జ్ దగ్గర స్థిరపడిన నాలుగో ఏడు నుంచి హే ఫీవర్ పట్టుకుంది. గడ్డి పుప్పొడి గాల్లోకి లేస్తే చాలు, కళ్లు మంట, ఒకటే తుమ్ములు. యూకేలో ఉన్న మనవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే.

అసలు ఈ పుప్పొడి సంగతేమిటో చూద్దామని చదవడం మొదలుపెడితే, దాన్నే నమ్ముకుని బతికిన ఒక మనిషి పరిచయమయ్యారు. మా ఊరివాడే అనుకోవచ్చు. పేరు సర్ హ్యారీ గాడ్విన్.

ఆయన 1901 మే 9న యార్క్‌షైర్‌లోని రోథర్‌హామ్ దగ్గర పుట్టారు. స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్ క్లేర్ కాలేజీకి వచ్చి, ఇక ఈ ఊరు వదల్లేదు. చదివింది వృక్షశాస్త్రం. మనసు పడింది మాత్రం ఊరికి ఉత్తరాన ఉన్న ఫెన్‌లాండ్ చిత్తడి నేలల మీద.

అక్కడి నల్లటి పీట్ నేల వేల ఏళ్లుగా మొక్కలు సగం కుళ్లి పేరుకున్న పొర. పుప్పొడి రేణువు కంటికి కనిపించదు గానీ దాని పైపెంకు మహా గట్టిది. నీళ్లలో, గాలి తగలకుండా ఉంటే వేల ఏళ్లు చెడదు. ఓక్‌కు ఒక ఆకారం, ఎల్మ్‌కు ఇంకొకటి. పీట్‌లోకి గొట్టం దింపి, లోతు లోతుకూ కాస్త మట్టి తీసి, రసాయనాలతో శుభ్రం చేసి, మైక్రోస్కోప్ కింద ఏ చెట్టు రేణువులు ఎన్నో లెక్కపెట్టాలి. అప్పుడు ఏ కాలంలో ఏ అడవి ఉండేదో తెలుస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త లెనార్ట్ ఫాన్ పోస్ట్ 1916లో లోకానికి చూపిన పద్ధతి ఇది. దాన్ని గాడ్విన్ 1930లలో ఫెన్‌లాండ్‌లో ప్రయోగించారు. భార్య మార్గరెట్ కూడా ఆయనతో కలిసి పనిచేశారు.

1931లో కొలిండా అనే చేపల పడవ వలలో, ఉత్తర సముద్రం అడుగునుంచి ఒక పీట్ ముద్ద పైకొచ్చింది. అందులో కొమ్ముతో చెక్కిన రంపపుపళ్ల ఈటెమొన ఉంది. ఆ ప్రాంతపు పీట్‌లోని పుప్పొడిని గాడ్విన్ దంపతులు పరీక్షించారు. అవి అడవి చెట్లవి! ఇప్పుడు ఓడలు తిరిగేచోట ఒకప్పుడు మనుషులు వేటాడిన నేల ఉండేదన్నమాట.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం బ్రెక్‌లాండ్ కథ. థెట్‌ఫర్డ్ చుట్టూ ఉన్న ఇసుక నేలలు, పొదలు, బోడి మైదానాలు. వారాంతాల్లో పిల్లల్ని తీసుకెళ్లి, ఇదే కదా అసలైన ప్రకృతి అనుకునేవాణ్ని. అక్కడి హాకమ్ మియర్ అనే పాత సరస్సు అడుగు మట్టిని గాడ్విన్ పరిశీలించి, 1944లో ఫలితాలు ప్రకటించారు. లోతు పొరల్లో అడవి చెట్ల పుప్పొడే. పైకి వచ్చేకొద్దీ ఎల్మ్ తగ్గింది, గడ్డి, హెదర్ పెరిగాయి. వాటితోపాటు ప్లాంటెయిన్ వచ్చింది. ఇది మన అరటి కాదు, మనుషులు, పశువులు తొక్కిన నేలలో మొలిచే చిన్న కలుపు మొక్క. అంటే ఆ మైదానం ప్రకృతి ఇచ్చింది కాదు. బ్రిటన్‌కు సుమారు ఆరు వేల ఏళ్ల క్రితం సేద్యం వచ్చాక, రాతి గొడ్డళ్లు పట్టుకున్న రైతులు అడవి కొట్టి మొదలుపెట్టిన పని అది. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లు చేసిన పని మాత్రం కలుపు మొక్క పుప్పొడిలో మిగిలింది.

1948లో కేంబ్రిడ్జ్‌లో ఈ పరిశోధనల కోసం ఏర్పడిన విభాగానికి గాడ్విన్ తొలి డైరెక్టర్ అయ్యారు. 1956లో బ్రిటన్ మొక్కల చరిత్రపై పెద్ద గ్రంథం వెలువరించారు. కార్బన్-14 అర్ధజీవిత కాలం 5,730 ఏళ్లని మనం బట్టీపట్టాం కదా, సవరించిన ఆ అంకెను 1962లో నేచర్ పత్రికలో ప్రకటించిందీ ఆయనే. 1970లో సర్ బిరుదు వచ్చింది. 1985లో కన్నుమూశారు.

పోయినేడు మా అమ్మాయిని హోమ్ ఫెన్‌కు తీసుకెళ్లాను. అక్కడ 1851లో పీట్‌లోకి దింపిన ఇనుప స్తంభం ఉంది. అప్పుడు దాని కొస నేల మట్టానికి ఉండేది. ఇప్పుడు సుమారు నాలుగు మీటర్లు పైకి నిలబడి ఉంది. పక్కన నిలబడితే నేను దానిలో సగం కూడా లేను. ఆ మట్టంతా ఎక్కడికి పోయిందని అమ్మాయి అడిగింది. పొలాల కోసం నీళ్లు తోడేశారని, ఎండిన పీట్ కొంత కుంగిందని, కొంత గాలి తగిలి కరిగిపోయిందని చెప్పాను. పీట్ పోతే అందులోని పుప్పొడీ నిలవదు. గాడ్విన్ చివరి రోజుల్లో, 1978లో, ఫెన్‌లాండ్ గతం గురించి రాసిన పుస్తకంలో దాని భవిష్యత్తు గురించీ బెంగపడ్డారు. నేను రోజూ డేటాబేస్‌లతో పనిచేసేవాణ్ని. బ్యాకప్ లేని రికార్డు చెరిగిపోవడమంటే ఏమిటో నాకు వేరే చెప్పక్కర్లేదు.

తిరిగొస్తూ కారులో మళ్లీ తుమ్ములు మొదలయ్యాయి. అమ్మాయి నవ్వి టిష్యూ అందించింది. ఈ గడ్డి పుప్పొడిలో కొంతైనా ఏదో ఒక చెరువు అడుగుకు చేరుతుంది. ఇక్కడ మనమున్న రోజుల్లో నేల ఎలా ఉండేదో అదే చెబుతుంది, ఆ చెరువును ఎవరూ ఎండగట్టకపోతే.