గిరిజన బంధువు వెరియర్ ఎల్విన్

ఉత్సవ దినములందు గిరిజనుల నృత్యమును వేదికపై జూచి కరతాళములు సలుపుట మన పట్టణములలో పరిపాటి. ఆ కళకు పుట్టినిల్లగు అడవియు భూమియు నెవరి చేతిలో నున్నవని విచారించువారు మాత్రము అరుదు. జీవితమంతయు ఆ విచారణకే ధారవోసిన వెరియర్ ఎల్విన్ చరిత్రమును పాఠకులకు స్మరింపజేయ దలంచినాము.

ఎల్విన్ 1902లో ఇంగ్లండునందలి డోవరున మతాచార్యుని కుమారుడై జన్మించెను. ఆక్స్‌ఫర్డున విద్య ముగించి, 1927లో క్రైస్తవ సేవాసంఘీయుడుగా పూనాకు వచ్చి, మహాత్ముని ప్రభావమున జాతీయోద్యమమునకు సన్నిహితుడయ్యెను. 1932లో మిత్రుడు శ్యామరావు హివాలేతో గూడి మధ్యపరగణాలలోని మండ్లా జిల్లా కరంజియా గ్రామమున కాపురముండి, మతప్రచారము నాశింపక పాఠశాలను, వైద్యశాలను నడపెను. పిదప చర్చితో సంబంధమునే తెంచుకొనెను.

అచ్చటి బైగాలు భూమిని తల్లిగా నెంచి, నాగలితో నామె రొమ్ము చీల్చుట పాపమని నమ్మువారు. పొదలు నరికి కాల్చి, బూడిదలో విత్తనములు చల్లుదురు. మన మన్యమందలి పోడు ఇట్టిదే. అటవీశాఖ దానిని నిషేధించి, యొక పరిమిత ప్రదేశమున మాత్రమే అనుమతించెను. సాగుతోబాటు వారి యుల్లాసమును, ఆచారములును సన్నగిల్లుటను ఎల్విన్ 1939 నాటి తన గ్రంథమున వెల్లడించెను.

గిడుగు రామమూర్తి పంతులుగారు అంతకు పూర్వమే సేవించిన సవరల నడుమ సైతము ఎల్విన్ సంచరించెను. ఎఱ్ఱమట్టి పూసిన గోడపై, చివర నలుగగొట్టిన పుల్లతో, బియ్యపుపిండి రంగున సవరలు బొమ్మలు వ్రాయుదురు. అవి వట్టి అలంకారములు గావు. రోగశాంతికి, పంటకు, మృతుల తృప్తికి సమర్పించు నివాసములు. మధ్యభారత గిరిజన కళపై 1951లో వెలువడిన ఆయన గ్రంథము ఈ రహస్యమును విప్పి చెప్పినది.

బైగాలకు రక్షిత ప్రదేశము కావలెనన్నందున, ఎల్విన్ వారిని వింతవస్తువులవలె దాచజూచుచున్నాడని పలువురు నిందించిరి. ఏకాంతవాసము విద్యావైద్యములను దూరము చేయునను మాటలో న్యాయము లేకపోలేదు. ఆయన 1940లో గోండు కన్యను పెండ్లాడి 1949లో విడనాడుటను మేము మెచ్చుకొనజాలము. అయినను ఆయన తన యభిప్రాయమును దిద్దుకొనెను. 1954లో భారత పౌరుడై, నేటి అరుణాచల ప్రదేశమగు ఈశాన్య సరిహద్దు ప్రాంతమున ప్రభుత్వ సలహాదారుగా నియుక్తుడయ్యెను. గిరిజనులను వెలివేయరాదు, ముంచివేయరాదు. భూమిపై, అడవిపై వారి హక్కులను మన్నింపవలెనని 1957లో గ్రంథముఖమున బోధించెను. 1961లో పద్మభూషణ బిరుదము నందుకొని, 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో గతించెను.

ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలుగాకుండ మన రాష్ట్రమున 1959లో నిబంధన యేర్పడి, 1970లో మరింత కట్టుదిట్టమైనది. కాగితముపై నిబంధన చాలదు. భూవసతి గల మన పాఠకులు మన్యమున సెంటు భూమికైనను మాఱుపేరున ఆశపడకుండుటయే ఎల్విన్‌కు నిజమైన నివాళి. గోడ పోయినపిమ్మట బొమ్మ నిలుచునా?