వేలిముద్రకు లెక్క కట్టిన కాజీ అజీజుల్ హక్

ఫోన్ మీద వేలు పెడితే చాలు, డబ్బు పంపేస్తున్నాం. ఆ చెల్లింపుకు రహస్య సంతకం చేసే డిజిటల్ తాళంచెవి ఫోన్‌లోనే ఉంటుంది, వేలు కలిస్తేనే అది పనిచేస్తుంది. రేషన్ షాపు మెషీన్ మీద పెట్టేదీ అదే వేలు. ఈ వేలిముద్రలకు లెక్క కట్టిన తొలి మనుషుల్లో బెంగాల్ ముస్లిం ఒకాయన ఉన్నారు.

నిజానికి ఇది మొదలైంది దొంగల కోసం కాదు, కాంట్రాక్టు కోసం. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ దొర, కాంట్రాక్టర్ రాజ్యధర్ కోనాయ్ రేపు మాట తప్పకుండా కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. తర్వాత పింఛన్లకు, రిజిస్ట్రేషన్లకు కూడా వేలిముద్రలు తీసుకున్నారు. కానీ ముద్రలు వేలల్లో పోగైతే కావాల్సింది వెతికేదెలా?

కాజీ అజీజుల్ హక్ 1872లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతంలో పుట్టారు. పడవ ప్రమాదంలో అమ్మానాన్నలు పోయారు. అన్న వాటా అన్నం కూడా తినేస్తే అన్న కొట్టాడట, పన్నెండేళ్ల పిల్లాడు అలిగి కలకత్తా రైలెక్కేశాడని వాళ్ల ఖాన్‌దాన్‌లో చెప్పుకుంటారు. అక్కడ ఓ ఇంట్లో చిన్నచిన్న పనులు చేసేవాడు. లెక్కల్లో చురుకు చూసి వాళ్లే చదివించారు. అలా ప్రెసిడెన్సీ కాలేజీ దాకా వెళ్లారు.

1892లో బెంగాల్ పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ, లెక్కలు బాగా వచ్చిన కుర్రాడు కావాలంటే ప్రిన్సిపాల్ ఈయన పేరు చెప్పారు.

హక్ సాబ్ ఉపాయం నాలాంటి కామర్స్ వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది, లెడ్జర్‌లో ఫోలియో నంబరు లాంటిది. ఒక్కో వేలికి సుడి ఉందా, లేదా అని చూడాలి. జతకో విలువ: 16, 8, 4, 2, 1. పది వేళ్లకూ కలిపితే 1024 రకాలు. అడ్డంగా 32, నిలువుగా 32 గళ్లున్న బీరువాలో ప్రతి కాగితానికీ దాని గది దొరుకుతుంది. తోటి ఉద్యోగి హేమ్‌చంద్ర బోస్ ముద్రలను టెలిగ్రాఫ్‌లో పంపే సంకేతాలు తయారుచేశారు.

1897లో కలకత్తాలో ఫింగర్‌ప్రింట్ బ్యూరో పెట్టారు. 1901లో హెన్రీ ఈ పద్ధతిని లండన్ స్కాట్లాండ్ యార్డ్‌కి తీసుకెళ్లాడు. లోకమంతా దాన్ని హెన్రీ పద్ధతి అనేసింది! హక్ సాబ్‌కు 1924లో ఖాన్ బహదూర్ బిరుదు, ఆ తర్వాత అయిదు వేల రూపాయలు దక్కాయి. తన సిబ్బందిలో అందరికన్నా ఎక్కువ పని ఈయనదేనని హెన్రీ రాసింది 1926లో.

రిటైరయ్యాక బిహార్‌లోని మోతిహారీలో స్థిరపడ్డారు. 1935లో అక్కడే వఫాత్ అయ్యారు, అక్కడే దఫన్ చేశారు. బ్రిటన్‌లోని ఫింగర్‌ప్రింట్ సొసైటీ హక్, బోస్ పేర్లు కలిపి ఒక అవార్డు పెట్టింది. పుస్తకాల్లో మాత్రం ఇంకా హెన్రీ పద్ధతే.