సర్ విలియం ఫిప్స్

సముద్రగర్భమున ధనమును వెదకినవారు అనేకులు. కనుగొన్నవారు మిక్కిలి కొలదిమంది. అట్టివారిలో సర్ విలియం ఫిప్స్ ప్రసిద్ధుడు. ఇతడు 1651వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన ఉత్తర అమెరికాలో కెన్నెబెక్ నదీప్రాంతమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. ఇతడు పదునెనిమిదేండ్లవరకు గొఱ్ఱెలు కాచి, పిమ్మట నాలుగేండ్లు ఓడలు కట్టు వడ్రంగము నేర్చెను. బోస్టను పట్టణము చేరిన పిదపగాని ఇతనికి చదువును వ్రాతయు అబ్బలేదు.

1641లో కన్సెప్షన్ అను స్పెయిను దేశపు ఓడ వెండితో స్వదేశమునకు పోవుచు, హిస్పానియోలా ద్వీపమునకు ఉత్తరమున పగడపు దిబ్బలపై పడి మునిగెను. అచ్చట పగడపు మొనలు ఇంచుమించు నీటిమట్టమువరకు లేచియుండును. పెద్దయోడ దగ్గరకు పోయినచో పగులును; దూరముగా నిలిచినచో వెదకుట పొసగదు.

1683లో రెండవ చార్లెసు రాజు ఇచ్చిన ఓడలో ఫిప్స్ ధనాన్వేషణకు బయలుదేరెను. నావికులు తిరుగబడిరి, కోరిన ధనము దొరకలేదు. అయినను అధైర్యపడక, ఆల్బిమార్లు ప్రభువు మొదలగువారి సాయమున 1686లో రెండు ఓడలతో మరల పయనమయ్యెను.

1687 జనవరిలో ఇతని చిన్నయోడలోనివారు ఆ దిబ్బలను వెదకి విసిగిరి. మరలిపోవు సమయమున నీటి అడుగున నొక వింత సముద్రపు మొక్క కనబడగా, దానిని తెచ్చుటకు మునిగిన అమెరికా ఆదివాసి యొకడు క్రింద ఫిరంగులను చూచెనని చెప్పుదురు. వీపున గాలితొట్టి ధరించి మునుగు నేటి స్కూబా సాధనము నాడు లేదు. ఆ ఈతగాండ్రు ఊపిరి బిగబట్టి ఏడెనిమిది బారల లోతునకు పలుమారులు దిగిరి. సున్నము పేరుకొని గట్టిపడిన ముద్దలను పగులగొట్టగా వెండి నాణెములు రాలెను. దొరికిన ధనము రెండు లక్షల పౌనులకు మించెను.

ఆ యేటనే రాజు ఫిప్స్‌కు సర్ బిరుదమిచ్చెను. 1692లో ఇతడు మసాచుసెట్సు గవర్నరాయెను. చేతబడి నేరము విచారించుటకు ఇతడు నియమించిన న్యాయస్థానపు తీర్పులవలన 19 మంది ఉరిదీయబడిరి. అక్టోబరులో ఇతడే దానిని రద్దుచేసెనుగాని, పోయిన ప్రాణములు మరల రావుగదా! 1695లో లండనునందు మరణించెను.

1978లో అన్వేషకులు ఆ యోడ శేషమును మరల కనుగొనిరి.

బాలబాలికలారా! ఫిప్స్ పట్టుదల మనకు ఆదర్శము. అయినను బిరుదు పొందిన నాయకునితోపాటు, ఊపిరి బిగబట్టి లోతునకు దిగిన ఆ ఈతగాండ్రనుకూడ మరువకుడు.