మోటౌన్ పాటల వెనుక మంద్రస్వరం: జేమ్స్ జేమర్‌సన్

1983 మార్చి 25 సాయంత్రం కాలిఫోర్నియాలోని పసడీనా సభామందిరం కిక్కిరిసిపోయింది. అమెరికా నల్లజాతి సంగీతాన్ని ప్రపంచమంతటికీ వినిపించిన మోటౌన్ రికార్డుల సంస్థ తన పాతికేళ్ల పండుగ జరుపుకొంటోంది. స్టీవీ వండర్, డయానా రాస్, మార్విన్ గే వంటి గాయకులు ఒకరి తర్వాత ఒకరుగా వేదిక ఎక్కారు. మైఖేల్ జాక్సన్ వెనక్కి జారుతూ నడిచిన 'మూన్‌వాక్' లోకానికి పరిచయమైంది ఆ కార్యక్రమంతోనే. అదే సభలో, పై అంతస్తులో వెనుకగా, సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చిన 47 ఏళ్ల మనిషి ఒకరు కూర్చున్నారు. ఆ రాత్రి తలచుకున్న పాత పాటల్లో చాలావాటికి అసలు రికార్డింగులో బేస్ గిటార్ వాయించినది ఆయనే. సంస్థ నుంచి ఆయనకు పిలుపు రాలేదు. ఆయన పేరు జేమ్స్ జేమర్‌సన్.

జేమర్‌సన్ 1936 జనవరి 29న దక్షిణ కరోలినా తీరంలోని ఎడిస్టో దీవిలో జన్మించారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం వారసులైన 'గలా' ప్రజలు ఆ తీరదీవుల్లో తరతరాలుగా నివసిస్తున్నారు. ఇంగ్లిషు పదాలను ఆఫ్రికా భాషల నడకతో కలిపి పలికే వారి మాట భాషాశాస్త్ర విద్యార్థులకు పరిచితమే. చప్పట్లతో, పాదాల చప్పుడుతో లయను పేర్చుకునే వారి ప్రార్థనాగీతాలూ అంత ప్రత్యేకమైనవే. తండ్రి ఓడల మరమ్మతు కేంద్రాల్లో, తల్లి ఇతరుల ఇళ్లలో పనిచేసేవారు. నాయనమ్మ పియానో, చర్చి గాయకబృందంలో మేనత్త పాట ఆ పిల్లవాడి తొలి పాఠాలు. ఒక కర్రకు రబ్బరు బిగించి, దాన్ని చీమల పుట్టలో గుచ్చి, చీమల చేత నాట్యం చేయిస్తానంటూ మీటుతూ కూర్చునేవాడని ఆయన బాల్యం గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమెంతైనా, ఒకే తీగను ఒకే వేలితో మీటుతున్న పిల్లవాడి బొమ్మ ఆయన తర్వాతి జీవితానికి చక్కగా అతుకుతుంది.

దక్షిణాది పొలాలను, జాతి వివక్షను వదిలి లక్షలాది నల్లజాతీయులు ఉత్తరాది కర్మాగారాల దారి పట్టిన కాలమది. తల్లి ముందుగా డెట్రాయిట్ చేరగా, 1954లో జేమర్‌సన్ ఆమె దగ్గరకు వెళ్లారు. నార్త్‌వెస్టర్న్ ఉన్నత పాఠశాలలో చదువుతుండగా డబుల్ బేస్ చేతికొచ్చింది. మనిషెత్తున నిలబెట్టి వాయించే ఆ వాద్యం ఆయన పెద్ద అరచేతులకు సరిగ్గా కుదిరింది. బడి పూర్తయ్యే నాటికే నగరంలోని జాజ్ క్లబ్బుల్లో వాయిస్తున్నారు. ఆయన కడదాకా జాజ్ మనిషే. పాప్ పాట ఆయనకు కూడు పెట్టింది, జాజ్ ఆయనకు బుద్ధి నేర్పింది.

1959లో బెర్రీ గోర్డీ అనే యువకుడు కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డుల వ్యాపారం ప్రారంభించారు. అంతకు ముందు ఆయన కార్ల కర్మాగారంలో పనిచేశారు. ఒక చివర ఇనుప చట్రం ప్రవేశిస్తే మరో చివర మెరిసే కారు బయటికొచ్చినట్లు, పాటలూ తయారు కావాలని ఆయన ఆలోచన. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు కొని, వెనుక భాగాన్ని స్టూడియోగా మార్చి, ముందు గోడపై 'హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.' అని రాయించారు. గాయకులు మారేవారు, రచయితలు మారేవారు. పగలూ రాత్రీ ఆ ఇరుకు గదిలో కూర్చుని వాయించే బృందం మాత్రం దాదాపు ఒకటే. నేలమీద పాకే, పైనుంచి వేలాడే కేబుళ్లను చూసి వారు ఆ గదిని 'స్నేక్ పిట్', అంటే పాముల గుంట అని పిలుచుకునేవారు. కీబోర్డు వాయించే ఎర్ల్ వాన్ డైక్, డ్రమ్మర్ బెన్నీ బెంజమిన్, గిటారిస్టులు రాబర్ట్ వైట్, ఎడ్డీ విల్లిస్, జో మెస్సీనా, బేస్‌పై జేమర్‌సన్: ఈ బృందానికి స్థిరపడిన పేరు 'ఫంక్ బ్రదర్స్'.

తొలి రోజుల్లో వారికి అందిన ప్రతిఫలం పాటకు కొద్ది డాలర్లే. పాట ఎన్ని లక్షల ప్రతులు అమ్ముడైనా వాయించిన వారికి అందులో వాటా లేదు. అందుకే సంస్థ కళ్లుగప్పి ఇతర కంపెనీలకూ వాయించేవారు, దొరికితే జరిమానా. జాకీ విల్సన్ 1967లో షికాగోలో రికార్డు చేసిన 'హయ్యర్ అండ్ హయ్యర్' పాటలోని బేస్ అలా దొంగచాటుగా వెళ్లి వాయించినదే. 1960ల చివరికి జేమర్‌సన్‌కు వారానికి వెయ్యి డాలర్ల జీతం ఏర్పాటైంది. అప్పటికి అది మంచి సొమ్మే. ఆయన కథను కేవలం ఆకలి కథగా చెప్పడం సరికాదు. డబ్బు వచ్చింది, పేరు రాలేదు.

1960ల ఆరంభంలో ఆయన డబుల్ బేస్ నుంచి ఎలక్ట్రిక్ బేస్‌కు మారారు. జీవితాంతం ఎక్కువగా వాడినది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్. దానికి ముద్దుపేరు 'ఫంక్ మెషీన్'. మందమైన, నునుపైన తీగలు బిగించేవారు. తెగితే తప్ప మార్చేవారు కారు. తీగలు మెట్లకు చాలా ఎత్తులో ఉండేవి, ఇతరులు నొక్కాలంటే వేళ్లు నొప్పి పుట్టేవట. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవారు. కొక్కెంలా వంగిన ఆ వేలికి తోటివారు 'ద హుక్' అని పేరు పెట్టారు. రెండు వేళ్లు మార్చి మార్చి మీటడం మామూలు పద్ధతి. వేగం కోసం అందరూ వేళ్లు పెంచుకుంటే, ఈయన డబుల్ బేస్ నాటి అలవాటును వదలకుండా ఒకే వేలితో ఆ వేగాన్ని సాధించారు. ప్రతి స్వరమూ గుండ్రంగా, ఒకే బరువుతో పలకడానికి అదీ ఒక కారణం.

ఆయన ఏం మార్చారో తెలియాలంటే అంతకు ముందు బేస్ ఏం చేసేదో తెలియాలి. పాప్ పాటలో బేస్ పని సుమారుగా మన కచేరీలో తంబుర పని లాంటిది: పాట నిలబడే ఆధార స్వరాన్ని పట్టుకుని ఉండటం, డ్రమ్‌తో కలిసి అడుగు వేయడం. జేమర్‌సన్ ఆ ఆధారాన్ని కదిలించారు. ఆధార స్వరం నుంచి పక్క స్వరాల మీదుగా నడిచి, తాళం దెబ్బ పడాల్సిన చోట మౌనం ఉంచి, దెబ్బకూ దెబ్బకూ మధ్య మీటి, గాయకుడి గొంతుకు కింద మరో పాట పాడినట్లుగా వాయించేవారు. అయినా పాట కాళ్ల కింద నేల కదలదు. టెంప్టేషన్స్ బృందం పాడిన 'మై గర్ల్' మొదట్లో గిటార్ రాకముందు వినిపించేది ఆయన బేస్ ఒక్కటే. అక్కడ రెండు మూడు స్వరాలతోనే సరిపెట్టారు. 1967 నాటి ఫోర్ టాప్స్ పాట 'బెర్నడెట్'లో, మరుసటి ఏడాది స్టీవీ వండర్ 'ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్'లో మాత్రం ఒక చరణానికీ మరో చరణానికీ పోలిక లేనంతగా మారుతూ పోయారు. ఎక్కడ తగ్గాలో తెలిసినవాడికే ఎక్కడ చెలరేగాలో తెలుస్తుందేమో. కారు రేడియోల్లో వినే పిల్లలు ఆ పాటలకు ఊగారు కానీ, తమను ఊపుతున్నది ఎవరో ఆలోచించలేదు.

వారిని తప్పుపట్టలేం. పుదుచ్చేరి కోసపాళయంలో ఈ వాక్యాలు రాస్తుండగా వీధిలో ఎవరి ఫోన్‌లోనో పాత సినిమా పాట వినిపిస్తోంది. గొంతు తెలుస్తోంది, వయొలిన్లు తెలుస్తున్నాయి. బేస్ అసలు లేదు. ఆ వాద్యపు అట్టడుగు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, అంత మంద్రధ్వనిని ఆ చిన్న స్పీకరు పలికించలేదు. మద్రాసు స్టూడియోల్లో రూపుదిద్దుకున్న మన పాటల గతీ ఇంతే. గ్రామఫోన్ రికార్డుపై గాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు, రచయిత పేరు, సినిమా పేరు ఉండేవి. సితార్ ఎవరిది, వేణువు ఎవరిది, తబలా ఎవరిది అని అడిగితే రికార్డు జవాబు చెప్పదు. కచేరీ కరపత్రంలో పక్కవాద్యాల వారి పేర్లు వేయడం మర్యాదగా పాటించే మనమే, సినిమా పాట దగ్గరకు వచ్చేసరికి ఆ మర్యాద మరిచాం. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్‌ను ప్రత్యేకంగా విని మురిసే అభిమానుల్లోనూ, ఆ బృందంలో బేస్ వాయించిన శశిధరన్ పేరు తెలిసినవారు కొందరే.

మోటౌన్‌లో ఈ మౌనం 1971లో ఒకసారి తొలగింది. వియత్నాం యుద్ధంపై, వీధుల్లోని హింసపై మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' పాటను తలపెట్టారు. దానికి జేమర్‌సనే కావాలని పట్టుబట్టి, క్లబ్‌లో వాయిస్తున్న ఆయనను వెతికి స్టూడియోకు రప్పించారట. అప్పటికే బాగా తాగి ఉన్న ఆయన కూర్చోలేక నేలమీద వెల్లకిలా పడుకుని, ఎదురుగా పెట్టిన స్వరాలు చూసి వాయించారని చెబుతారు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి, చాలా గొప్ప పనిలో పాలుపంచుకున్నానని భార్యతో అన్నారనీ అంటారు. అదే పేరుతో వచ్చిన ఆల్బమ్ అట్టపై వాద్యకారుల పేర్లు అచ్చయ్యాయి. పన్నెండేళ్లుగా ఇంటింటా మోగిన బేస్ ఎవరిదో కొన్నవారికి అప్పుడు తెలిసింది.

అప్పటికే క్షీణదశ మొదలైంది. లయలో తనకు జంటగా నిలిచిన బెన్నీ బెంజమిన్ 1969లో మరణించారు. తాగుడు పెరిగింది. రికార్డింగులకు రాని రోజుల్లో బాబ్ బాబిట్ వంటి ఇతర బేసిస్టులు వాయించేవారు. 1972లో మోటౌన్ డెట్రాయిట్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయింది. స్టూడియోను నమ్ముకున్న చాలామందికి ఆ కబురు చివరి నిమిషంలోగానీ తెలియలేదు. జేమర్‌సన్ మరుసటి ఏడాది సంస్థ వెంట వెళ్లారు గానీ, ఆ బంధం ఎంతోకాలం నిలవలేదు. అక్కడి స్టూడియోల పద్ధతి వేరు, కాలం రుచీ వేరు. కొత్త తీగల గణగణ ధ్వని, బొటనవేలితో కొట్టి వాయించే పద్ధతి నిర్మాతలకు కావలసి వచ్చాయి. ఆయన తన పాత తీగలను మార్చలేదు. అది పట్టుదలా, మొండితనమా అని తేల్చడం కష్టం. ఆ తీగలు మారితే ఆ నాదం ఉండదన్నది మాత్రం నిజం. పిలుపులు తగ్గాయి. ఇంతలో ఆయన శైలిని రికార్డుల నుంచి విని నేర్చుకున్న వారు ప్రపంచమంతటా ఉన్నారు. ఆయన పేరు తెలియని రోజుల్లోనే ఆ పాటలు విని తన బేస్ వాదనను మలచుకున్నానని బీటిల్స్ సభ్యుడు పాల్ మెకార్ట్నీ తర్వాత పలుమార్లు చెప్పారు.

పసడీనా సభ టీవీలో ప్రసారమైంది మే 16న. ఆగస్టు 2న జేమర్‌సన్ లాస్ ఏంజెలిస్‌లో మరణించారు. కాలేయ వ్యాధి, దాని వెంట గుండె వైఫల్యం, న్యుమోనియా. అంతకు కొద్ది రోజుల ముందే 'ఫంక్ మెషీన్'ను ఎవరో దొంగిలించారు. భౌతికకాయాన్ని డెట్రాయిట్‌కు తెచ్చి వుడ్‌లాన్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

1989లో అలన్ స్లట్స్కీ ఆయన జీవితాన్ని, బేస్ స్వరాలను కలిపి పుస్తకంగా వెలువరించారు. 2000లో రాక్ అండ్ రోల్ ప్రముఖుల మందిరం పక్కవాద్యకారుల కోసం కొత్త విభాగం తెరిచి, తొలి జాబితాలోనే ఆయనకు చోటిచ్చింది. ఫంక్ బ్రదర్స్‌పై 2002లో వచ్చిన డాక్యుమెంటరీ మిగిలిన వృద్ధ కళాకారులను వెలుగులోకి తెచ్చింది. అమెరికా పాప్ జాబితాలో మొదటి స్థానానికి చేరిన 20కి పైగా పాటల్లో బేస్ ఆయనదేనని లెక్కగట్టారు. ఆ లెక్కలోనూ పేచీ ఉంది. లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో వాయించిన కరోల్ కేయ్ అనే సుప్రసిద్ధ బేసిస్టు, ఆయనవిగా చెలామణీ అవుతున్న కొన్ని పాటలు తాను వాయించినవని వాదించారు. డెట్రాయిట్ వాద్యకారులు కాదన్నారు. రికార్డు అట్టపై నాడే ఒక్క పంక్తి రాసి ఉంటే ఈ తగవు పుట్టేదే కాదు.

మోటౌన్ పాటల మూల టేపుల్లో ఒక్కో వాద్యం వేర్వేరు ట్రాకుల్లో నమోదై ఉంది. వాటి నుంచి విడదీసిన జేమర్‌సన్ బేస్ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. గొంతు లేదు, డ్రమ్ దూరంగా లీలగా వినిపిస్తుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కుర్రవాళ్లు దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని, రెండు వేళ్లతో సాధన చేస్తున్నారు.