గుంట లెక్క తెచ్చిన దివాన్

సాలార్‌జంగ్ అనగానే మన పిల్లలకు హైదరాబాద్ మ్యూజియం, అందులో గంట కొట్టే గడియారం గుర్తుకొస్తాయి. ఆ వస్తువుల్లో ఎక్కువ భాగం కూర్చినవారు మనుమడు, మూడవ సాలార్‌జంగ్. మేము చెప్పదలచినది తాతగారైన మీర్ తురాబ్ అలీ ఖాన్ గురించి. కరీంనగర్‌లో గాని ఆదిలాబాద్‌లో గాని పొలం కొన్నా, అమ్మినా, అన్నదమ్ములు పంచుకున్నా నోట వచ్చే మాట గుంట. ఆ లెక్క సర్కారు దఫ్తరులో స్థిరపడడానికి మూలం వారు మొదలుపెట్టిన సర్వే.

వారు 1829లో జన్మించినారు. తండ్రిగారి సోదరుడు సిరాజుల్ ముల్క్ దివాన్‌గా ఉండి 1853 మే నెలలో చనిపోగా, ఆ పదవి వీరికి వచ్చింది. అప్పటికి వయసు 24 ఏండ్లు. అదే నెలలో బేరార్ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. ఖజానా ఖాళీ. సిపాయిల జీతాల బాకీల కింద కొన్ని తాలూకాల వసూళ్లే తాకట్టులో ఉండినవి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఎవరి దగ్గర ఎంత రావాలో ఎవరికీ సరిగా తెలియదు. భూమిని పట్టే విత్తనంతో చెప్పేవారు, ఇన్ని కుంచాల విత్తనం పట్టే పొలం అని. కుంచమేమో ఊరూరికీ ఒకటి కాదు. చాలాచోట్ల సర్కారు వాటా కల్లం దగ్గర ధాన్యంగా తీసేవారు. కొలిచేది గుత్తేదారు మనిషి, చూస్తూ నిలబడేది రైతు. ఎవరి వైపు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

రూపాయి సంగతీ అంతే. గద్వాల, నారాయణపేట వంటి సంస్థానాల టంకసాలల్లో వేర్వేరు సిక్కాలు పడేవి. ప్రతి మారకంలో షావుకారుకు బట్టా. దివాన్‌గారు హైదరాబాద్ టంకసాలను సర్కారు చేతికి తెచ్చి హాలీ సిక్కాను నిలబెట్టినారు. తర్వాతి కాలంలో 100 ఇంగ్లీషు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు అనే లెక్క స్థిరపడింది.

1857లో వారు ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచినారు. అందుకు నిందించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. బేరార్ తిరిగి వస్తుందని ఆశించినారు. 1876లో లండన్ దాకా వెళ్లి వచ్చినారు. అది రాలేదు.

1865లో జిలాబంది జరిగింది. గుత్తేదార్ల స్థానంలో జీతాలు తీసుకునే తాలూక్‌దార్లు, తహసీల్‌దార్లు వచ్చినారు. 1872లో సిర్పూర్, రాజూరా, ఎదులాబాద్ తాలూకాలు కలిపి సిర్పూర్-తాండూర్ ఉపజిల్లా చేసినారు. నేటి ఆదిలాబాద్‌కు మొదలు అదే. మా వైపు ఎల్గందల్ జిల్లా 1905లో కరీంనగర్ అయింది.

1875లో సర్వే, బందోబస్తు శాఖ పెట్టి బొంబాయి పద్ధతి తీసుకున్నారు. 33 అడుగుల గొలుసు, దానికి 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు అయితే ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. 40 గుంటలకు ఎకరం. మద్రాసు పద్ధతి నడిచిన ఆంధ్ర జిల్లాల్లో ఎకరానికి 100 సెంట్లు. అందుకే గుంటూరు చుట్టం మన పొలం సంగతి అడిగితే రెండున్నరతో హెచ్చవేసి చెప్పాలి. గొలుసు దించినాక రైతుకు తన సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు ముందుగానే తెలిసేవి. శిస్తు తక్కువేమీ కాదు, కాని అది కల్లం దగ్గర పుట్టే లెక్క కాదు.

పని పూర్తి కాకముందే, 1883 ఫిబ్రవరి 8న కలరాతో వారు కన్నుమూసినారు. దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి ఉంది. అయితే ఒక మాట చెప్పక తప్పదు. జాగీర్ల లోపలికి వారి గొలుసు పోలేదు. అక్కడ చాలా గ్రామాల రైతులు 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా పాత కొలతల కిందనే నలిగినారు.

ఆ సర్వేల సేత్వార్లు చాలావరకు ఉర్దూలో ఉన్నవి. వాటిని చదివించుకోవడానికి హిందువులు, ముస్లింలు అందరూ మాలాంటి ఉర్దూ మాస్టర్ల దగ్గరికి వస్తుంటారు. మన పిల్లల్లో ఆ రాత చదివేవారు తగ్గిపోతున్నారు, కోర్టులో భూమి తగాదాలు మాత్రం తగ్గడం లేదు. రెండు సంగతులు గుర్తుంచుకుంటే కాగితం సగం అర్థమవుతుంది. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. విస్తీర్ణం 2.20 అని ఉంటే దశాంశం అనుకోరాదు. అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు.