అద్దంలో సత్యభామ

కృష్ణా, గుంటూరు మండలాలలో ఒకప్పుడు పంటలు ఇళ్లకు చేరిన వెనుక నాటకాల కాలం మొదలయ్యేది. నూజివీడు మామిడితోటల సీమ మొదలుకొని సముద్రానికి చేరువనున్న బాపట్ల వరకు వేసవి రాత్రులలో పందిళ్లు లేచేవి. పెట్రోమాక్సు దీపాల వెలుగులో తెల్లవారేదాకా పద్యనాటకాలు సాగేవి. బండ్లు కట్టుకొని చుట్టుపక్కల ఊళ్ల జనం తరలివచ్చేవారు. ఆ వెలుగులో చంద్రమతిగా ఏడిపించినవారు, సత్యభామగా మురిపించినవారు చాలావరకు పురుషులే.

స్త్రీలు రంగస్థలం ఎక్కడం మర్యాదస్తుల ఇళ్లలో తప్పుగా ఎంచబడిన కాలమది. 1885 ప్రాంతంలో కడప మండలంలోని సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలలో ఆ కుటుంబాల స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించారు. తక్కిన సమాజాలకు ఆ వీలు లేకపోయింది. అందువల్ల సన్నని గొంతు, కోమలమైన ముఖం గల యువకులను వెదకి తెచ్చి చీర కట్టించేవారు. మీసం రాగానే, గొంతు మారగానే వారిలో చాలామంది పని ముగిసేది. ఈ స్థితిలో యౌవనం దాటిన తరువాత కూడా స్త్రీ పాత్రలలో ప్రేక్షకులను మెప్పించి, దానినొక సాధనగా మలచిన మహానటుడు స్థానం నరసింహారావు.

ఆయన 1902లో బాపట్లలో జన్మించారు. నటుడు కావాలన్న సంకల్పంతో కాక, ఒక అవసరం తీర్చడానికి ఆయన రంగస్థలం ఎక్కారు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడవలసిన రోజున చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ లోటు తీర్చడానికి పద్దెనిమిదేళ్ల నరసింహారావు చంద్రమతి వేషం కట్టారు. ఒక రాత్రికని కట్టిన చీర దాదాపు నాలుగు దశాబ్దాల జీవితమై కూర్చుంది.

వేషం కట్టడమనే మాటను మనం తేలికగా వాడతాము. అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని మన శాస్త్రకారులు నాలుగు విధాలుగా విభజించారు. అందులో ఆహార్యమంటే దుస్తులు, నగలు, రంగులు, సవరము మొదలైనవి. నాటకం మొదలు కావడానికి ఎంతో ముందే నటుడు నేపథ్యంలో అద్దం ముందు కూర్చుంటాడు. మొదట అందులో కనిపించేది తన ముఖమే. ముఖానికి రంగు పూసి, కనుబొమలు తీర్చి, కాటుక దిద్ది, జడ అమర్చిన తరువాత అదే అద్దంలో మరొకరు కనిపిస్తారు. ఆ ముఖం ఎవరిది? తనది కాదనడానికి వీలు లేదు, అవుననడానికీ మనసొప్పదు. అయితే అద్దం చూపగలిగినది అంతవరకే. నడక ఎలా ఉన్నదో, తల తిప్పినపుడు జడ ఎలా కదిలినదో, కోపం వచ్చినపుడు చేయి ఎక్కడికి పోయినదో ఆ చిన్న అద్దం చెప్పలేదు. స్త్రీ వేషం కట్టిన వారిలో ఎందరో ఈ అద్దం దగ్గరే ఆగిపోయారు. స్థానం వారు దానిని దాటి వెళ్లారు.

ఈ అద్దానికీ సత్యభామకూ తెలుగు నాట్యంలో ఒక పాత సంబంధం ఉంది. బాపట్లకు ఈశాన్యాన, కృష్ణ దాటితే కూచిపూడి. ఆ గ్రామ భాగవతులకు సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని ప్రసాదించి, అక్కడి ప్రతి మగపిల్లవాడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని నియమం పెట్టాడని సంప్రదాయం. భామాకలాపంలో కలహానికి మూలం అద్దమే అని చెబుతారు. కృష్ణుడూ సత్యభామా ఇద్దరూ అద్దంలో చూసుకొంటున్న వేళ, ఇద్దరిలో ఎవరు అందగత్తెలు, ఎవరు అందగాళ్లు అన్న ప్రసంగం వస్తుంది. భామ సంకోచం లేకుండా తానే అని అంటుంది. కృష్ణుడు అలిగి వెళ్లిపోతాడు. తరువాతి కథ అంతా విరహమే. పొడవైన జడను తెరపై వేసి, తన్ను గెలవగలవారుంటే రమ్మని పిలిచే ప్రవేశం కూడా ఆ పాత్రదే. అద్దంలో తన్ను తాను చూసుకొని మురిసిన స్త్రీ, ఆ మురిపెం వల్లనే తన్ను తాను తెలుసుకొనడం సత్యభామ కథ. ఈ పాత్రను పురుషుడు ధరించినపుడు అది మరింత చిక్కనవుతుంది. అద్దంలో ఉన్నదానిని చూసి గర్వించవలసినవాడు ముందుగా అద్దంలో ఉన్నది తానేనని నమ్మాలి కదా!

బాపట్లలో మొదలైన స్థానం వారి నటన తెనాలిలో పరిణతి చెందింది. నాటక కళకు ఆ రోజులలో తెనాలి పెట్టింది పేరు. అక్కడి శ్రీరామ విలాస సభలో ఆయన చేరారు. మాధవపెద్ది వెంకట్రామయ్య వంటి ఉద్దండ నటులు ఆ సభవారే. అటువంటివారి ఎదుట నాయికగా నిలవాలంటే అందమైన ముఖం ఒక్కటే చాలదు. పద్యానికి పద్యం, చూపుకు చూపు బదులు చెప్పగలగాలి.

ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామ పాత్ర స్థానం వారికి శాశ్వతమైన కీర్తిని తెచ్చింది. కథ మనకు తెలిసినదే. భర్త తన కొంగున ఉండాలని కోరిన సత్యభామ నారదుని మాట నమ్మి కృష్ణుని దానమిస్తుంది. తిరిగి పొందాలంటే ఆయన యెత్తు ధనం తూచి ఇవ్వాలి. ఇంట ఉన్న నగలన్నీ తక్కెడలో పోసినా అది లేవదు. రుక్మిణి భక్తితో ఉంచిన ఒక్క తులసిదళంతో తూగుతుంది. ఈ కథలో సత్యభామకు గర్వం ఉంది, అమాయకత్వం ఉంది, ప్రేమా ఉంది. గర్వాన్ని మాత్రమే చూపితే ఆమె గయ్యాళిగా మిగిలిపోతుంది. స్థానం వారి సత్యభామలో గర్వం ప్రేమకు మరో రూపంగా కనిపించేదని, అందుకే ఆమె ఓడినపుడు ప్రేక్షకులకు నవ్వు రాక జాలి కలిగేదని పెద్దలు చెప్పుకొనేవారు. ఈ పాత్ర కోసం ఆయన స్వయంగా ఒక పాట కూడా రచించారు. మీరజాలగలడా అని మొదలయ్యే ఆ పాట నాటకాన్ని దాటి తెలుగువారి ఇళ్లలోకి వెళ్లింది. తన పాత్ర మనసులో ఏముందో తానే వెదకి దానికి మాటలు కూర్చిన నటులు అరుదు. పాత్ర గురించి ఆయన చేసిన ఆలోచనకు ఆ పాట ఒక సాక్ష్యం.

స్థానం వారి ప్రతిభ సత్యభామతో ఆగలేదు. ఆయన స్త్రీ అనే ఒకే అచ్చును పట్టుకొని అన్ని పాత్రలకూ అదే పోత పోయలేదు. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క నడక, ఒక్కొక్క అలంకరణ, ఒక్కొక్క కంఠస్వరం ఏర్పరచుకొన్నారు. సారంగధర నాటకంలో చిత్రాంగి మహారాణి. సవతి కుమారునిపై మనసుపడి, అతడు తిరస్కరించగా నింద మోపి, అతని కాళ్లూ చేతులూ నరికించడానికి కారణమవుతుంది. విప్రనారాయణలోని దేవదేవి వేశ్య. పంతం కోసం ఒక భక్తుని వ్రతాన్ని భంగం చేయబూని, క్రమంగా తానే మారుతుంది. కొప్పరపు సుబ్బారావు నాటకంలోని రోషనార మొగలు రాకుమారి. ఆమె భాష, మర్యాద, కట్టు అన్నీ వేరు. మహారాణి కోరికకూ వేశ్య పన్నుగడకూ రాకుమారి దర్పానికీ భేదం చూపాలంటే చీర మార్చినంత మాత్రాన కుదరదు.

ఆయన పోషించిన పాత్రలలో నాకు అన్నిటికంటె ఆలోచింపదగినదిగా తోచేది గురజాడ అప్పారావు కన్యాశుల్కంలోని మధురవాణి. కన్యాశుల్కమే వేషాల మీద నడిచిన నాటకం. అందులో కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేయించి, ముసలి లుబ్ధావధానులకు ఇచ్చి పెండ్లి చేస్తాడు. చుట్టూ ఉన్న పెద్దమనుషులకు ఆ వేషం తెలియనే తెలియదు. చీర కట్టిన మనిషిని చూడడమే తప్ప, చీరలో ఉన్న మనిషిని చూడడం వారికి అలవాటు లేదు. నాటకం చివర మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులును కలుసుకొంటుంది. ఒక పురుష నటుడు మధురవాణి అయినపుడు ఈ ఘట్టం ఎంత కఠినమో ఊహించండి. పురుషుడు స్త్రీగా మారాడు. ఆ స్త్రీ ఇప్పుడు పురుషుని దుస్తులు వేసుకొంది. నటుడు తన సహజమైన నడకకు తిరిగి వస్తే పాత్ర చచ్చిపోతుంది. మగదుస్తులలో ఉండి కూడా ఆడదానిగా తెలియాలి. ఇక్కడ చీర లేదు, జడ లేదు, ఆహార్యం సాయానికి రాదు. మిగిలేది నటుడు లోపల కట్టుకొన్న మనిషి మాత్రమే.

ఇదే కాలంలో మహారాష్ట్రలో బాలగంధర్వ, గుజరాతీ రంగస్థలంపై జయశంకర్ సుందరి స్త్రీ పాత్రలకు ప్రసిద్ధి పొందారు. బాలగంధర్వ కట్టిన చీరలను, పెట్టుకొన్న నగలను చూసి మరాఠీ స్త్రీలు అనుకరించేవారట. ఒక పురుషుడు స్త్రీలకు అలంకరణ నేర్పడం వింతే. అయితే ఆ వింత వెనుక ఉన్న లోపాన్ని కూడా గుర్తించాలి. స్త్రీ ఎలా ఉండాలో పురుషులు రాశారు, పురుషులే ఆడి చూపారు. తన్ను గురించిన ఆ చిత్రాన్ని స్త్రీ పందిట్లో కూర్చొని చూసింది. ఆ అద్దంలో ఆమెకు కనిపించినది తానేనా, లేక పురుషుడు కోరుకొన్న ఆమె రూపమా అన్న ప్రశ్న అప్పట్లోనే లేచింది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని బళ్లారి రాఘవ గట్టిగా వాదించారు. వాదించి ఊరుకొనక కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను తనతో పాటు రంగస్థలం మీదికి తెచ్చారు. న్యాయం రాఘవ వైపే ఉంది. ఆ న్యాయం నెరవేరిన కొద్దీ స్థానం వారి కళకు నేల తరిగిపోక తప్పలేదు. ఒక గొప్ప కళ, అన్యాయమైన ఒక కట్టుబాటు మీద మొలిచి పెరిగింది. ఈ రెండు మాటలూ నిజమే.

ఆదరణకు మాత్రం ఆయనకు కొదవ రాలేదు. సముద్రం దాటి బర్మాలోని తెలుగువారి మన్ననలందుకొన్నారు. 1938లో రంగూనులో ఆయనకు బంగారు కిరీటం బహూకరించారు. 1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. తన నటజీవితాన్ని నటస్థానం అనే గ్రంథంగా రచించారు. ఇంటిపేరును కళలో తాను నిలిచిన చోటుతో కలిపి పెట్టిన ఆ పేరులో కొంచెం చమత్కారం, కొంచెం ఆత్మవిశ్వాసం ఉన్నాయి.

తరువాతి కాలంలో ఆయన హైదరాబాదు ఆకాశవాణి కేంద్రంలో నాటక విభాగంలో పనిచేశారు. రేడియో నాటకంలో రంగు లేదు, నగ లేదు, తెర లేదు. వినేవారికి ముఖమే కనిపించదు గనుక అద్దంతో పని లేదు. జీవితమంతా ఆహార్యంతో పేరు పొందిన నటునికి ఇది శిక్ష వంటిదని కొందరికి తోచవచ్చు. కాని పాత్రకు తగిన కంఠాన్ని, మాటకు మాటకు నడుమ ఉండవలసిన విరామాన్ని ఏళ్ల తరబడి సాధించినవారికి అది కొత్త విద్య కాదు. నాలుగు విధాల అభినయంలో వాచికం ఒక్కటే మిగిలిన చోట కూడా ఆయన తన విద్యతో నిలిచారు.

1966లో శ్రీకృష్ణ తులాభారం చలనచిత్రంగా వచ్చింది. నందమూరి తారక రామారావు కృష్ణుడు, జమున సత్యభామ. పందిళ్ల కింద తాను సత్యభామగా పాడుకొనడానికి నరసింహారావు రాసిన పాటను ఆ చిత్రంలో పి. సుశీల పాడారు, జమున అభినయించారు. ఒక పురుషుడు స్త్రీ మనసులో నిలిచి కూర్చిన మాటలు ఒక స్త్రీ గొంతులో, మరొక స్త్రీ ముఖంలో వెలువడ్డాయి. వినేవారిలో చాలామందికి ఆ పాట ఎవరు రాశారో, మొదట ఎవరు పాడారో తెలియదు. అది సత్యభామ పాట అని మాత్రం తెలుసు. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్లు. మరి అయిదేళ్లకు, 1971లో, స్థానం నరసింహారావు కన్నుమూశారు.